పాత వ్యాన్‌లో చలికాలపు ప్రయాణం: దేనికి ముందు భయపడాలి?

ప్రశ్న: మాకు ఇరవై రెండేళ్ల నాటి డీజిల్ వ్యాన్ ఉంది. మేము కొని ఏడాది దాటింది. వచ్చే నెలలో మా వారు, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కలిసి పది రోజుల పాటు కొండ ప్రాంతానికి వెళ్ళాలనుకుంటున్నాం. అక్కడ రాత్రిపూట మైనస్ పది, పన్నెండు డిగ్రీల చలి ఉంటుందట. రెండు రాత్రులు వ్యాన్‌లోనే పడుకోవాలని ఆలోచన. బండి ఉదయం పూట ఒక పట్టాన స్టార్ట్ కాదు. పది, పదిహేను సెకన్లు సెల్ఫ్ కొట్టాక తెల్లటి పొగ వదులుతూ అందుకుంటుంది, ఆ తరువాత రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. పది రోజులకొకసారి రేడియేటర్‌లో అర లీటరు నీళ్ళు పోస్తుంటాం. కొండ దిగేటప్పుడు టెంపరేచర్ ముల్లు పడిపోయి, హీటర్ చల్లగాలి కొడుతుంది. దూరం వెళ్ళినప్పుడు వెనక సీటులో కూర్చునే పిల్లలకు తలనొప్పి, మా అత్తగారికి వికారం వస్తాయి, అవి మలుపుల వల్లనే అనుకుంటున్నాం. బ్యాటరీ ఆరు నెలల కిందటే మార్చాం. పాత బండి అన్నాక ఇవన్నీ మామూలేనని మెకానిక్ అన్నారు. కొండల మధ్య తెల్లవారి బండి స్టార్ట్ కాకపోతే ఏం చేయాలన్నదే నా భయం. నేను అనవసరంగా కంగారు పడుతున్నానని మా వారు విసుక్కుంటున్నారు. ఈ బండిలో వెళ్ళవచ్చా?

సమాధానం: మీ కంగారు అనవసరమైనది కాదు గాని, మీరు నిజంగా కంగారు పడవలసిన సంగతిని మాత్రం ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. మీరు రాసిన ఇబ్బందుల్లో ఉదయం స్టార్ట్ కాకపోవడం మిమ్మల్ని ఆలస్యం చేస్తుంది, నీళ్ళు తగ్గిపోవడం ఇంజన్‌ను పాడు చేస్తుంది, వెనక సీటులో వచ్చే తలనొప్పి మాత్రం మనుషుల ప్రాణాల మీదికే రావచ్చు. అందువల్ల మీరు రాసిన వరుసను పక్కన పెట్టి, తలనొప్పితో మొదలుపెట్టి స్టార్టింగ్ దగ్గరికి చివరగా వస్తాను.

మలుపుల వల్ల కలిగే వికారానికీ, బండి లోపలికి చేరే పొగ వల్ల కలిగేదానికీ కొన్ని తేడాలు ఉన్నాయి. మలుపుల వికారం ఘాట్ రోడ్డు మీదనే వస్తుంది, మనిషిని బట్టి వస్తుంది, ఒకరికి వస్తే పక్కన ఉన్నవారికి రాకపోవచ్చు. మీ ఇంట్లో మాత్రం వెనక కూర్చున్న ముగ్గురికీ ఏదో ఒక రూపంలో ఇబ్బంది కలుగుతోంది, ముందు కూర్చున్న ఇద్దరికీ లేదు. తిన్నగా సాగే రహదారి మీద కూడా ఇది వస్తోందా, అద్దాలు దించుకుని తిరిగిన రోజుల్లో లేనిది అద్దాలు ఎత్తుకున్నాక మొదలైందా, బండి దిగి కాసేపు బయట నిలబడితే తగ్గుతోందా అన్న మూడు విషయాలు గుర్తు చేసుకోండి. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్న జవాబు వచ్చినా, అనుమానం మలుపుల మీద కాకుండా సైలెన్సర్ మీదికి పోవాలి.

బండి పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కనుక, గాలిలో కొద్దిపాటిగా ఉన్నా గంటల తరబడి పీల్చేసరికి శరీరానికి ఆక్సిజన్ అందడం తగ్గిపోతుంది. తలనొప్పి, వికారం, మగత, అయోమయం దాని తొలి గుర్తులు. పిల్లలకూ, పెద్ద వయసు వారికీ ప్రమాదం మరింత ఎక్కువ. డీజిల్ ఇంజన్ పెట్రోల్ ఇంజన్ కంటే ఈ వాయువును చాలా తక్కువగా వదులుతుందన్న మాట నిజమే, మీ మెకానిక్ కూడా ఆ మాట అనవచ్చు. తక్కువ అంటే లేనట్టు కాదు. పైగా చల్లటి ఇంజన్‌లో సగం కాలిన డీజిల్ వదిలే పొగలో కళ్ళు మండించి, తల తిప్పే పదార్థాలు వేరే ఎన్నో ఉంటాయి. ఏ పొగ అయితేనేం, మనుషులు కూర్చునే చోటికి అది రాకూడదు.

వ్యాన్ ఆకారం కూడా ఇందుకు తోడ్పడుతుంది. పెట్టెలాంటి బండి వేగంగా ముందుకు పోతున్నప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ వదిలిన పొగ అక్కడే సుడి తిరుగుతుంది. వెనక తలుపు రబ్బరు గట్టిపడి పగిలి ఉంటే ఆ సందుల్లోంచి పొగ లోపలికి చేరుతుంది. గాలి కోసమని వెనక అద్దం కొద్దిగా తెరిస్తే అది పొగకు ఇంకో దారి అవుతుంది. ఇరవై రెండేళ్ల బండిలో కింది రేకు తుప్పు పట్టి చిల్లు పడడం, సైలెన్సర్ గొట్టం జాయింట్ల దగ్గర విచ్చిపోవడం వింతేమీ కాదు. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేయించి, బండి పక్కన నిలబడి వినండి. టిక్కు టిక్కుమనే చప్పుడు ఇంజన్ వేడెక్కే కొద్దీ తగ్గుతుంటే, ఇంజన్ పొగను గొట్టంలోకి చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకు ఉండవచ్చు. ఇంజన్ ఆపి, గొట్టం పూర్తిగా చల్లారాక, జాయింట్ల చుట్టూ నల్లటి మసి చారలు ఉన్నాయేమో టార్చి వేసి వెతకాలి. వెనక తలుపు రబ్బరును పరీక్షించడానికి ఒక కాగితం ముక్క చాలు. దానిని తలుపు సందులో పెట్టి తలుపు మూసి లాగినప్పుడు పట్టు లేకుండా జారి వచ్చిన చోటల్లా రబ్బరు పోయినట్టే లెక్క.

ఈ మరమ్మతులు చేయించడానికి ముందే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనండి. ఇళ్ళలో పెట్టేవీ, నిద్రించే వాహనాల కోసం తయారైనవీ వేరువేరుగా దొరుకుతాయి. ఐరోపా ప్రమాణాల్లో ఇ.ఎన్. 50291-2 అన్న గుర్తు వాహనాలకూ పడవలకూ ఉద్దేశించినది. అంకె చూపించే రకం అయితే మేలు, ఎందుకంటే మామూలు అలారం తక్కువ మోతాదుకు గంటల తరబడి మోగకుండానే ఉండవచ్చు. దానిని వెనక సీటు దగ్గర పెట్టి, అద్దాలు మూసి, ఒక గంట రహదారి మీద నడపండి. సున్నా తప్ప మరే అంకె నిలకడగా కనిపించినా ఆ బండిలో పిల్లలను ఎక్కించవద్దు. సున్నా చూపించినంత మాత్రాన డీజిల్ పొగ రావడం లేదని చెప్పలేము కనుక, మసి చారల వెతుకులాట ఎటూ తప్పదు. ఈ లోపల తప్పనిసరై ప్రయాణం చేయవలసి వస్తే ముందు అద్దాలు కొంచెం దించి, బ్లోయర్‌ను బయటి గాలి తీసుకునేలా పెట్టుకోవాలి. లోపలి గాలినే తిప్పే బటన్ ముట్టుకోకూడదు.

వ్యాన్‌లో పడుకునే రెండు రాత్రుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వెచ్చదనం కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి నిద్రపోవడం, లోపల గ్యాస్ స్టవ్ గాని బొగ్గుల కుంపటి గాని పెట్టుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. మంచు కురిసే చోట సైలెన్సర్ గొట్టం మూతి కూరుకుపోతే పొగ బండి కిందనే నిండి పైకి వస్తుంది. దారి మూసుకుపోయి బండిలోనే చిక్కుకుపోయిన పరిస్థితిలో మాత్రం, గొట్టం చుట్టూ మంచు తోసివేసి, ఒక అద్దం కొంచెం దించి, గంటకు పది నిమిషాల చొప్పున ఇంజన్ నడిపి హీటర్ వేసుకోవచ్చు. ఆ పది నిమిషాలూ పెద్దవాళ్ళలో ఒకరు మేలుకొని ఉండాలి. మామూలు రాత్రులకు మందపాటి స్లీపింగ్ బ్యాగులు, కింద పరుచుకోవడానికి ఫోమ్ చాపలు కావాలి, ఎందుకంటే పైనుంచి వచ్చే చలి కంటే కింది రేకు లాగే చలి ఎక్కువ. నాకైతే అత్తగారిని మైనస్ పన్నెండు డిగ్రీలలో రేకు పెట్టెలో పడుకోబెట్టడం అంతగా నచ్చలేదు. ఆ రెండు రాత్రులకు గది చూసుకోమనే చెబుతాను.

ఇక నీళ్ళ సంగతి. పది రోజులకు అర లీటరు అంటే నెలకు లీటరున్నర. ఏడాదిగా ఇలాగే పోస్తున్నారంటే మీ రేడియేటర్‌లో, నీళ్ళు గడ్డ కట్టకుండా కలిపే కూలెంట్ ఏనాడో పలచబడిపోయి, ఇప్పుడు ఉన్నది దాదాపు నీళ్ళే. ఇథిలిన్ గ్లైకాల్ కూలెంట్, నీళ్ళు సగం సగం కలిపితే ఆ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డ కట్టదు. మూడో వంతు కూలెంట్ ఉంటే మైనస్ 18 ప్రాంతం దాకా ఆగుతుంది. ఉత్త నీళ్ళు సున్నా దగ్గరే గడ్డ కడతాయి, గడ్డ కట్టినప్పుడు వాటి ఘనపరిమాణం తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది, ఆ ఒత్తిడికి ఇనుప ఇంజన్ బ్లాకు అయినా చీలిపోతుంది. అలాగని కూలెంట్‌ను చిక్కగానే పోసేద్దామనుకోకండి. నీళ్ళు కలపని ఇథిలిన్ గ్లైకాల్ మైనస్ 12, 13 డిగ్రీల దగ్గరే గడ్డ కడుతుంది, అంటే మీరు వెళ్ళే చోటి చలికి సరిగ్గా అంచున నిలబడుతుంది. వేడిని మోసుకుపోవడంలోనూ అది నీళ్ళు కలిపినదాని కంటే వెనకబడుతుంది.

ఈ విషయం నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. చాలా ఏళ్ల కిందట నా దగ్గర ఉన్న పాత వ్యాన్‌లో వేసవి అంతా నీళ్ళు పోస్తూ తిరిగి, చలికాలం రాగానే ఆ సంగతి మరచిపోయి కొండలెక్కాను. తెల్లవారి సెల్ఫ్ కొట్టగానే ఫ్యాన్ బెల్టు చెవులు చిల్లులు పడేలా అరిచి పొగలు కక్కింది. వాటర్ పంపులో నీళ్ళు గడ్డ కట్టి పంపు తిరగక, దాని మీద బెల్టు జారుతోందని నాకు అప్పుడు తెలియలేదు. బెల్టు వదులయిందనుకుని బిగించి మళ్ళీ స్టార్ట్ చేశాను. పంపు ఎలాగో కదిలింది గాని, రేడియేటర్‌లో మంచుగడ్డ కరగలేదు. బయట సున్నాకు ఎనిమిది డిగ్రీలు తక్కువగా ఉన్న గాలిలో నా బండి ముల్లు ఎర్రగీత దాటింది. ఇంజన్ బ్లాకుకూ దాని పైనున్న హెడ్‌కూ మధ్య సందు లేకుండా మూసే హెడ్ గాస్కెట్ పోయింది. ఆ ఖర్చుతో పోలిస్తే కూలెంట్ చిక్కదనం కొలిచే చిన్న హైడ్రోమీటర్ ధర లెక్కలోకే రాదు. అందులోకి నాలుగు చుక్కలు పీల్చి చూస్తే ఎన్ని డిగ్రీల దాకా ఆగుతుందో ముల్లు చూపిస్తుంది. ఇప్పుడు నా టూల్స్ డబ్బాలో అది పానాల పక్కనే ఉంటుంది.

కూలెంట్ మార్చేముందు ఆ అర లీటరు ఎటు పోతోందో తేల్చాలి, లేకపోతే కొత్త కూలెంట్ కూడా అదే దారి పడుతుంది. బండి ఆగిన చోట నేల తడిసి ఉంటే హోస్ పైపులు, క్లిప్పులు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం చూడమనండి. నేల తడవకుండా, లోపల ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా ఉండి, తియ్యటి వాసన వస్తూ, ముందు అద్దానికి లోపలివైపు ఎంత తుడిచినా జిడ్డు పొర కడుతుంటే హీటర్ లోపలి చిన్న రేడియేటర్ కారుతోందని అర్థం. రెండూ కాకపోతే అనుమానం హెడ్ గాస్కెట్ మీదికి పోతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే, అది ఇంకా వేడెక్కకముందే, రేడియేటర్ పై పైపు రాయిలా గట్టిపడినా, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తున్నా ఆ అనుమానం బలపడుతుంది. దానిని నిర్ధారించడానికి రసాయన పరీక్ష ఒకటి ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని నీలం రంగు ద్రవంలోంచి లాగితే, సిలిండర్ పొగ అందులో కలుస్తున్నప్పుడు ద్రవం ఆకుపచ్చకో పసుపుకో తిరుగుతుంది. ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి నురుగు కనిపించగానే హెడ్ గాస్కెట్ పోయిందని తీర్మానించేవారు కొందరుంటారు. చలికాలంలో చిన్నచిన్న దూరాలే తిరిగే బండిలో చెమ్మ చేరి కూడా అలా అవుతుంది కనుక ఆ ఒక్క గుర్తు మీద ఇంజన్ విప్పించుకోవద్దు. వేడి మీద ఉన్న రేడియేటర్ మూత మాత్రం ఎవరు ఎంత తొందర పెట్టినా తీయవద్దు.

కొండ దిగేటప్పుడు ముల్లు పడిపోయి హీటర్ చల్లబడడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఉండిపోవడం. సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవలసిన ఆ కవాటం ఎప్పుడూ తెరిచే ఉంటే, ఇంజన్ మీద భారం లేని దిగుడులో నీళ్ళన్నీ రేడియేటర్‌లో తిరిగి చల్లారిపోతాయి. రెండోది, నీళ్ళు తగ్గి హీటర్‌లో గాలి పట్టడం. మీ విషయంలో నీళ్ళు తగ్గుతున్నాయని ముందే తెలుసు కనుక, లీకు సరిచేసి, గాలి లేకుండా కూలెంట్ నింపాక కూడా ముల్లు పడిపోతేనే థర్మోస్టాట్‌ను తప్పుపట్టాలి. అయినా అది చౌక వస్తువు, కూలెంట్ ఎలాగూ దించుతున్నారు, ఆ పనిలోనే మార్పించేయండి. ఇంజన్ త్వరగా వేడెక్కాలని రేడియేటర్ ముందు అట్ట కట్టడం కొందరి అలవాటు. థర్మోస్టాట్ పని చేస్తున్న బండికి ఆ అవసరం చాలా అరుదుగా వస్తుంది, ఎక్కుడులో ఆ అట్ట తీయడం మరచిపోతే ఇంకో ఇబ్బంది తోడవుతుంది.

ఇప్పుడు మీ అసలు భయం దగ్గరికి వస్తాను. ఉదయం సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ ఎలా తిరుగుతోందో మీరు రాయలేదు, జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఈడుస్తూ, మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంటే అది కరెంటు సమస్య. చురుగ్గా తిరుగుతూనే అందుకోకపోతే అది వేడి సమస్య గాని, డీజిల్ అందకపోవడం గాని అవుతుంది. చల్లటి ఇంజన్ నుంచి తెల్లటి పొగ అంటే సాధారణంగా కాలని డీజిల్ ఆవిరిగా బయటికి వస్తోందన్నమాట. కనుక డీజిల్ సిలిండర్ దాకా చేరుతోంది, దానిని అంటించేంత వేడి లేదు. మధ్యాహ్నం వేడి ఇంజన్ ఒక్క దెబ్బకే అందుకోవడం కూడా ఇదే చెబుతోంది. మీ ఉత్తరాన్ని బట్టి నా మొదటి అనుమానం స్టార్ట్ చేసేముందు సిలిండర్లను వేడి చేసే గ్లో ప్లగ్గుల మీద, మన మెకానిక్‌లు హీటర్ ప్లగ్గులని పిలిచేవాటి మీద. నాలుగింటిలో రెండు చనిపోయినా, చలి అంతగా లేని రోజుల్లో బండి ఎలాగో నెట్టుకొస్తుంది. మైనస్ పదిలో అలా కుదరదు. ప్లగ్గు మీది వైరు విప్పి, మల్టీమీటర్‌తో ప్లగ్గు కొనకూ ఇంజన్ లోహానికీ మధ్య రెసిస్టెన్స్ చూస్తే, బాగున్న ప్లగ్గులో చాలా వరకు ఒక ఓమ్ అటూ ఇటూగా చూపిస్తుంది. చనిపోయిన ప్లగ్గులో సర్క్యూట్ తెగిపోయినట్టు చూపిస్తుంది. నాలుగూ బాగుంటే వాటికి కరెంటు పంపే రిలే చూడాలి. పాత ప్లగ్గులు హెడ్‌లో పట్టేసి ఉంటాయి కనుక వాటిని బలవంతంగా తిప్పవద్దనీ, ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడు ఓపికగా విప్పమనీ చెప్పండి. అందులో ఒకటి విరిగితే హెడ్ విప్పవలసి రావచ్చు. గ్లో ప్లగ్గులున్న ఇంజన్‌లోకి ఈథర్ స్ప్రే కొట్టి స్టార్ట్ చేసే చిట్కా ఎవరైనా చెబితే వినవద్దు. ఎర్రగా కాలిన ప్లగ్గు మీద ఆ ఆవిరి పడితే అది వేళకు ముందే పేలి ఇంజన్‌ను విరగ్గొడుతుంది.

తెల్లటి పొగ లేకుండా చాలాసేపు సెల్ఫ్ కొట్టవలసి వస్తే కారణం ఇంకొకటి. పాత రబ్బరు డీజిల్ పైపులు చలికి బిగుసుకుని, క్లిప్పుల దగ్గర కంటికి కనిపించని సందు ఏర్పడుతుంది. డీజిల్ బయటికి కారదు గాని గాలి లోపలికి వెళుతుంది, రాత్రికి రాత్రి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. ఉదయం డీజిల్ ఫిల్టర్ దగ్గర ఉండే చిన్న హ్యాండ్ పంపు పది సార్లు నొక్కి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటోందా చూడండి. అందుకుంటే కారణం గాలేనని తేలిపోయినట్టు.

బ్యాటరీ కొత్తదన్న ధీమా కూడా పూర్తిగా పెట్టుకోవద్దు. సున్నా డిగ్రీలలో లెడ్ యాసిడ్ బ్యాటరీ మామూలు రోజుల్లో ఇచ్చే శక్తిలో ఐదింట నాలుగు వంతులు మాత్రమే ఇస్తుంది, మైనస్ 18కి వచ్చేసరికి అది సగానికో అంతకంటే తక్కువకో పడిపోతుంది. అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిరగడానికి ఎక్కువ శక్తి అడుగుతుంది. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపిస్తే సగమే ఉన్నట్టు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య లేకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నో దాని బెల్టునో చూడాలి. ఇవన్నీ బాగుండీ సెల్ఫ్ ఈడుస్తుంటే ఎర్త్ వైరు సంగతి చూడమనండి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఆ జడ లాంటి తీగ తుప్పు పట్టి ఉంటే ఎన్ని బ్యాటరీలు మార్చినా ఫలితం ఉండదు. బ్యాటరీ నెగటివ్ మొలకూ ఇంజన్ లోహానికీ మధ్య మీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే దోషి అదే. ఒకటి గుర్తుంచుకోండి, పూర్తిగా డిశ్చార్జ్ అయిన బ్యాటరీ మైనస్ పది లోపలే గడ్డ కట్టవచ్చు. పక్కలు ఉబ్బిన బ్యాటరీకి వేరే బండి నుంచి కరెంటు ఇచ్చి స్టార్ట్ చేయబోతే అది పేలవచ్చు.

ఇంజన్ ఆయిల్ 20డబ్ల్యు రకం అయితే చలికి తగినట్టు 10డబ్ల్యు గాని 5డబ్ల్యు గాని పోయించండి. బండి మాన్యువల్ ఏది ఒప్పుకుంటుందో చూసి ఎంచుకోవాలి. ఈ అంకె ఎంత తగ్గితే ఆయిల్ చలిలో అంత పలచగా ఉంటుంది.

బండి ఎంత బాగున్నా డీజిలే మొండికేయవచ్చు. డీజిల్‌లో కరిగి ఉండే మైనం చలికి గింజలు కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. వెచ్చని ప్రాంతాల్లో అమ్మే డీజిల్‌లో ఇది సున్నా డిగ్రీల చుట్టుపక్కలే మొదలు కావచ్చు. అటువంటప్పుడు బండి స్టార్ట్ అవుతుంది, ఒకటి రెండు కిలోమీటర్లు పోతుంది, తరువాత ఊపిరాడనట్టు ఆగిపోతుంది. దీనికి ఉపాయం సులువైనదే. కింద ట్యాంకు నిండా పోయించుకుని పైకి వెళ్ళవద్దు. సగం కంటే తక్కువతో చలి ప్రాంతం చేరి, అక్కడి చలికాలపు డీజిల్ పోయించి, అది పైపుల్లోకి, ఫిల్టర్‌లోకి చేరేలా కొంత దూరం నడిపాకనే రాత్రికి బండి ఆపండి. మైనం కట్టకుండా కలిపే మందులు మైనం కట్టకముందు పనిచేస్తాయి, కట్టిన తరువాత కరిగించవు. పూర్వం డ్రైవర్లు డీజిల్‌లో కొంచెం పెట్రోల్ కలిపేవారు. అది పంపునూ ఇంజెక్టర్లనూ అరగదీస్తుంది, నిప్పు ప్రమాదమూ ఉంది. బయలుదేరే ముందు డీజిల్ ఫిల్టర్ మార్చి, దాని అడుగున చేరిన నీళ్ళు వదిలించండి.

టైర్ల గురించి ఎక్కువ చెప్పను. గీతల లోతు మూడు మిల్లీమీటర్లకు తగ్గితే మంచులో పట్టు ఉండదు. పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి, దాన్ని బట్టి వయసు తెలుసుకోవచ్చు. చలిలో ప్రతి ఐదారు డిగ్రీలకు ఒక పిఎస్‌ఐ చొప్పున గాలి తగ్గుతుంది కనుక పైకి చేరాక మళ్ళీ చూసుకోవాలి. చైన్లు తీసుకెళితే ఇంజన్ తిప్పే చక్రాలకే కట్టాలి, వాటిని కట్టడం ఇంటి ముందు ఒకసారి నేర్చుకోవాలి. తడిసిన హ్యాండ్ బ్రేకు కేబుల్ రాత్రికి గడ్డ కట్టి ఉదయం వదలకపోవచ్చు కాబట్టి, సమతలంలో ఆపి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్ళు గాని చెక్కలు గాని పెట్టడం మేలు.

ఈ పనులన్నీ అయ్యాక కూడా బండిని నేరుగా పది రోజుల ప్రయాణానికి తీసుకెళ్ళవద్దు. మరమ్మతు చేయించిన బండి తొలి రెండు వందల కిలోమీటర్లలో కొత్త జబ్బులు బయటపెడుతుంది. వదులుగా బిగించిన క్లిప్పు, సరిగా కూర్చోని గాస్కెట్ అప్పుడే తెలుస్తాయి. మీకు వీలైనంత చల్లటి చోటికి, మీరిద్దరే, ఒక రాత్రికి వెళ్ళండి. సాయంత్రం కూలెంట్ మట్టం, ఆయిల్ మట్టం, బ్యాటరీ వోల్టేజి రాసి పెట్టుకోండి, తెల్లవారి సెల్ఫ్ కొట్టకముందు మళ్ళీ అవే రాయండి. ఎన్ని సెకన్లకు స్టార్ట్ అయిందో కూడా రాయండి. సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లు మించి కొట్టవద్దు, మధ్యలో అర నిమిషమైనా విరామం ఇవ్వాలి. వచ్చేటప్పుడు మీరు వెనక సీటులో, పిల్లలు కూర్చునే చోట కూర్చుని రండి, అలారం అంకె చూస్తూ ఉండండి.

ఆ రాత్రి తరువాత నా సలహా ఇలా ఉంటుంది. వెనక సీటులో ఏ కాస్త అంకె కనిపించినా, పొగ వాసన తగిలినా, మీకు తలనొప్పి వచ్చినా ఈ బండిలో ప్రయాణం లేదు. రైలులోనో బస్సులోనో, అద్దె కారులోనో వెళ్ళండి, వ్యాన్ సంగతి వచ్చాక చూసుకోవచ్చు. కూలెంట్ మట్టం కొద్దిగానైనా తగ్గితే ప్రయాణం వాయిదా వేయండి. ఈ రెండూ బాగుండి, స్టార్టింగ్ మాత్రం ఇంకా పది సెకన్లు పడుతుంటే, జంపర్ కేబుల్, అదనపు బెల్టు, డీజిల్ ఫిల్టర్, హోస్ క్లిప్పులు, కూలెంట్ డబ్బా, మంచి టార్చి బండిలో వేసుకుని వెళ్ళిరావచ్చు. కొండల మధ్య ఉదయం ఒక గంట వృథా అయినా ఎవరికీ ఏమీ కాదు. మీరు భయపడుతున్నది ఆ గంట గురించే.

మీ వారి విసుగు గురించి కూడా ఒక మాట. భయమన్న మాటతో ఆయనకు చెబితే ఆయన ధైర్యంతో జవాబు ఇస్తారు, ఆ చర్చ ఎటూ తేలదు. ఆయన చేతికి మల్టీమీటర్, హైడ్రోమీటర్ ఇచ్చి, కొలిచిన అంకెలు మీరు రాసుకోండి. మెకానిక్‌ను కూడా బండి బాగుందా అని అడగవద్దు, ఎవరైనా బాగుందనే అంటారు. నాలుగు గ్లో ప్లగ్గుల రీడింగులెంత, కూలెంట్ ఎన్ని డిగ్రీల దాకా ఆగుతుంది, నీళ్ళు ఎక్కడి నుంచి పోతున్నాయి, సైలెన్సర్ జాయింట్లు లిఫ్టు మీద పెట్టి చూశారా అని అడగండి. ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేకపోతే ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్ళండి. పరీక్ష రాత్రి అంకెలు నాకు కూడా రాసి పంపండి, ముఖ్యంగా సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ ఈడుస్తూ తిరిగిందో, చురుగ్గా తిరిగిందో ఈసారి తప్పకుండా రాయండి.